ఫోన్ కవర్ వెనక ఏటీఎం కార్డు పెట్టుకుంటున్నారా?

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి కశ్మీర్ ఒక్కడినే తిరిగి రావాలనుకుంటున్నాను. బడ్జెట్ చాలా తక్కువ, డార్మిటరీల్లోనే ఉంటాను. రోజువారీ ఖర్చులు చూసుకోవడానికి ఏ యాప్ మంచిది?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఖర్చులు రాసుకోవడానికి ఫోన్‌లో ఉన్న నోట్స్ చాలు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగే యాప్ మాత్రం వద్దు. మీ బ్యాంకు ఓటీపీలు వచ్చేది కూడా ఆ ఇన్‌బాక్స్‌లోకే.

సెలవులొస్తే చాలు, ఇదే ప్రశ్న వస్తుంది. ఫోన్ పోతే డబ్బు సంగతేంటని మాత్రం ఎవరూ అడగరు. ఫోన్ కవర్ వెనక ఏటీఎం కార్డు దోపుకుని తిరిగే కుర్రాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. స్క్రీన్ లాక్ ఉంది కదా అని వాళ్ల ధైర్యం. దొంగ ఆ లాక్ జోలికే పోడు. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ ఉంటే కొన్ని బ్యాంకుల్లో కొత్త యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. ఆ మూడూ మీరే ఒక్కచోట కట్టి ఇచ్చారు!

అందుకే సిమ్ లాక్ పెట్టండి, అప్పుడు సిమ్‌ను ఏ ఫోన్‌లో వేసినా పిన్ అడుగుతుంది. డిఫాల్ట్ పిన్ ఎంతో మీ నెట్‌వర్క్ వాళ్లను అడిగి తెలుసుకోండి, ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే పీయూకే కోడ్ (నెట్‌వర్క్ వాళ్ల దగ్గరుండే అన్‌లాక్ నంబరు) అడుగుతుంది. ఇంత ముఖ్యమైన లాక్‌ను ఫోన్ కొన్న రోజే పెట్టించకుండా సెట్టింగ్స్ అడుగున దాచడం ఏం డిజైన్? చాలా ఫోన్లు లాక్ స్క్రీన్ మీదే ఓటీపీ చూపిస్తాయి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కెమెరాకు కొత్త హంగులు వస్తాయి, ఇది మాత్రం మారదు. మీరే ఆఫ్ చేసుకోండి.

ఇంట్లో వాళ్లు దాచిన డబ్బున్న ఖాతాను ఈ ఫోన్‌లో ఉంచొద్దు. వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, దాన్నే యూపీఐకి కలపండి. వారానికి సరిపడా అందులో వేసుకోండి. టీ, టిఫిన్లకు యూపీఐ లైట్ (యూపీఐ యాప్‌లోనే ఉండే చిన్న వాలెట్) వాడొచ్చు. అందులో 5,000 రూపాయలకు మించి ఉండదు. కానీ 1,000 లోపు చెల్లింపుకు పిన్ అడగదు కాబట్టి కొంచెమే వేయండి.

ఇంకొకటి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. తాడ్వాయి అడవి దాటేటప్పుడు కాసేపు సిగ్నల్ పోవడం లాంటిది కాదిది, ఉన్నన్ని రోజులూ ఓటీపీ రాదు. హన్మకొండలో బజ్జీల బండి దగ్గర కూడా స్కాన్ చేసే అలవాటుతో జేబులో రూపాయి లేకుండా బయల్దేరొద్దు. నగదు రెండు చోట్ల పెట్టుకోండి. కార్డు ఫోన్‌తో కాకుండా బ్యాగు లోపలి జేబులో ఉండాలి.

బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కాగితం మీద రాసుకోండి. ఫోన్ పోతే పక్కవాళ్ల ఫోన్ నుంచి ముందు సిమ్ బ్లాక్ చేయించండి, తర్వాత బ్యాంకుకు చెప్పండి. కొత్త ఖాతాకు, పోస్ట్‌పెయిడ్ మార్పుకు టైమ్ పడుతుంది, టికెట్ బుక్ చేసిన రోజే ఆ పని మొదలుపెట్టండి.