ఎవరిని, ఏమి, ఎప్పటిలోగా అడుగుతున్నాం?

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కుల వివక్ష గురించీ, కూలి దోపిడీ గురించీ, ఆడవాళ్ల మీద జరిగే హింస గురించీ ఇన్నాళ్లుగా చదువుతున్నాననీ, సభలకు వెళుతున్నాననీ, అన్యాయం కనబడిన చోటల్లా నోరు విప్పుతున్నాననీ, అయినా నీ మాటల వల్ల ఒక్క మనిషి బతుకైనా మారిన దాఖలా కనబడక మనసు కుంగిపోతోందనీ రాశావు. అన్యాయాన్ని అన్యాయంగా గుర్తుపట్టే చూపు నీకు వచ్చింది. చాలామందికి జీవితమంతా గడిచినా రానిది అది, కాబట్టి దాన్ని తక్కువ చేసుకోకు. అయితే ఆ చూపును మార్పుగా మలచడం వేరే విద్య. అది చదువుతో కొంత, పదిమందితో కలిసి పని చేయడంతో చాలా వస్తుంది. ఆ రెండో విద్య గురించి నేను పనిలో గ్రహించినదీ, చరిత్రలో రుజువైనదీ కలిపి రాస్తున్నాను. ఓపికగా చదువు.

నీ ఉత్తరంలో ఉన్నవన్నీ పెద్ద పేర్లే. కులం, పితృస్వామ్యం, దోపిడీ అనే వాటికి ఎదురుగా నిలబడి అర్జీ ఇవ్వడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే రేపటి నుంచి వాటిని ఆపేస్తానని సంతకం పెట్టగల అధికారి ఎక్కడా లేడు. ఆ పెద్ద అన్యాయం ఒకానొక చోట, కొందరు మనుషుల మీద, ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయంగానో, తీసుకోకుండా ఎగవేసిన నిర్ణయంగానో వచ్చి పడుతుంది. పని మొదలుపెట్టవలసింది అక్కడ. ఎవరిని అడుగుతున్నాం, ఏమి అడుగుతున్నాం, ఎప్పటిలోగా కావాలంటున్నాం అనే మూడు ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయగలిగిన రోజున నీ దగ్గర ఒక డిమాండు ఉన్నట్టు. రాయలేకపోతే నీ దగ్గర ఉన్నది ఆవేదన మాత్రమే. ఆవేదన విన్న అధికారి సానుభూతి చూపించి, మంచినీళ్లిచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతాడు.

డిమాండు చిన్నదైతే లక్ష్యం చిన్నబోతుందని నీలాంటి చదువుకున్న పిల్లలు సంకోచిస్తారు. అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబరులో నల్లజాతీయులు సిటీ బస్సులను బహిష్కరించినప్పుడు మొదట అడిగింది ఏమిటో చూడు. డ్రైవర్లు మర్యాదగా ప్రవర్తించాలి, ముందు ఎక్కినవారికి ముందు సీటు దొరకాలి, నల్లజాతివారు ఎక్కువగా ప్రయాణించే మార్గాల్లో నల్లజాతి డ్రైవర్లను నియమించాలి. అంతే. తెల్లవారు ముందు నుంచి, నల్లవారు వెనక నుంచి కూర్చునే పద్ధతిని కూడా ఆ తొలి కోరికల్లో పూర్తిగా తీసేయమనలేదు. అంత న్యాయమైన, అంత తేలికైన కోరికను కూడా నగర పాలకులు నిరాకరించారు. బస్సులో వేరుచేసి కూర్చోబెట్టడమే చెల్లదని 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ కోర్టులో దావా వేసేనాటికి ఎందుకు వేస్తున్నారో ఊరందరికీ విడమరచి చెప్పవలసిన అవసరం లేకపోయింది. చిన్న డిమాండు నెరవేరితే జనానికి ధైర్యం వస్తుంది, నెరవేరకపోతే అవతలి పక్షం అసలు రంగు బయటపడుతుంది. రెండు విధాలా నీకు లాభమే.

డిమాండును నీవు ఒక్కదానివీ కూర్చుని రాయకూడదు. ఈ మాట దగ్గర నేను కొంచెం గట్టిగా ఉంటాను. అన్యాయం ఎవరి మీద జరుగుతోందో వాళ్ల దగ్గరికి వెళ్లు, వాళ్లకు వీలైన వేళకు వెళ్లు, మొదటి కొన్ని సార్లు ఏమీ ప్రతిపాదించకుండా విను. నీవు పెద్ద సమస్య అనుకున్నది వాళ్ల లెక్కలో మూడోదో నాలుగోదో కావచ్చు. వాళ్లు ఇదివరకే ఒకసారి ఎదిరించి దెబ్బతిని ఉండవచ్చు, నీకు తోచిన ఉపాయం అప్పుడే విఫలమై ఉండవచ్చు. విన్న తర్వాత వాళ్లలో మాట్లాడగలవారిని, లెక్క పెట్టగలవారిని, నలుగురికీ నమ్మకం ఉన్నవారిని గుర్తుపట్టు. మైకు వాళ్ల చేతిలో ఉండాలి, అధికారి ఎదుట కుర్చీలో వాళ్లే కూర్చోవాలి. నీ ఇంగ్లీషూ నీ చదువూ కాగితాలు చదివి పెట్టడానికీ, అర్జీ చక్కగా రాసి పెట్టడానికీ పనికొస్తాయి, అవి పనికొచ్చే చోట మొహమాటపడకుండా వాడు.

ఇక రుజువుల సంగతి. పనిలో అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకునేదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదేనని నా నమ్మకం. రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ గ్రామీణులతో కలిసి 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘాన్ని నెలకొల్పారు. అక్కడి కూలీల గొడవ కరవు పనుల్లో కనీస వేతనం అందకపోవడం. మీరు చేసిన పని కొలత తక్కువ ఉంది, రికార్డు అలాగే చెబుతోంది అని అధికారులు అనేవారు. ఆ రికార్డు చూపించమంటే రహస్యం అనేవారు. అక్కడ వాళ్లకు అసలు కిటుకు దొరికింది. కూలి డబ్బుకు అడ్డంగా ఉన్నది ఒక కాగితం, కాబట్టి ముందు ఆ కాగితాన్నే అడగాలి. 1994 డిసెంబరు 2న కోట్ కిరానా గ్రామంలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ, జరిపారు. ఆ విచారణల్లో ఏం చేసేవారంటే, సంపాదించిన మస్టర్ రోళ్లనూ, అంటే కూలీల హాజరు పట్టీలనూ, బిల్లులనూ ఊరి జనం ముందు గట్టిగా చదివేవారు. ఫలానా పనిలో ఫలానా వ్యక్తి ఇన్ని రోజులు పని చేసి ఇంత కూలి తీసుకున్నాడని చదవగానే ఆ మనిషే జనంలోంచి లేచి, నేను ఆ పనికి పోనేలేదు అని చెప్పేవాడు. చనిపోయినవారి పేర్లూ, ఊరు విడిచి ఎప్పుడో వెళ్లిపోయినవారి పేర్లూ ఆ జాబితాల్లో బయటపడేవి. కట్టినట్టు బిల్లు ఉన్న కట్టడం ఊళ్లో ఎక్కడుందో చూపించండి అని అడిగితే చూపేందుకు ఏమీ ఉండేది కాదు. అక్షరం రాని కూలి కూడా తన పేరు పక్కన ఉన్న అబద్ధాన్ని పట్టుకోగలిగాడంటే, రుజువు సేకరించడం నిపుణుల సొత్తు కాదని అర్థం. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజుల ధర్నా, ఆ తర్వాత దేశవ్యాప్త ప్రచారం, చివరకు 2005 అక్టోబరు 12 నుంచి అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం, ఇవన్నీ ఒక మస్టర్ రోలు చూపించమన్న పట్టుదల నుంచి పెరిగినవే.

నీవు కూడా అలాగే చెయ్యి. ఎవరికి, ఏ తేదీన, ఎక్కడ, ఏమి జరిగింది, చూసినవారు ఎవరు, కాగితం ఏదైనా ఉందా అన్నది ఒక్కొక్క సంఘటనకు ఒక్కొక్క పేజీగా రాసిపెట్టు. విన్నది విన్నట్టుగా, చూసింది చూసినట్టుగా విడివిడిగా రాయి. అనుమానం ఉన్న సంఘటనను, అది ఎంత కదిలించేదైనా సరే, బయటి నివేదికలో పెట్టకు. అందులో ఒక్క తప్పు దొరికితే అవతలివారు మిగతా నిజాలన్నిటినీ దాని చాటున తోసేస్తారు. అర్జీ ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకో. ముద్ర వేయమంటే రేపు రమ్మన్నారా, రేపు వెళ్లు. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు కాదు.

రుజువులు చేతికి వచ్చాక జనాన్ని నిలబెట్టే ఏర్పాటు కావాలి. మాంట్‌గోమరీ కథను ఒక నల్లజాతి స్త్రీ బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనన్న ఒక సాయంత్రంగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఆ స్త్రీ రోజా పార్క్స్. ఆమె ధైర్యం గొప్పదే, కానీ ఆమె అప్పటికి ఏళ్లుగా పౌరహక్కుల సంఘంలో కార్యదర్శిగా పని చేసిన మనిషి. ఆమె కంటే ముందు, 1955 మార్చి 2న, పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్ అదే కారణంతో అరెస్టయింది. ఇంకా ముందు, 1954 మే నెలలోనే, జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు తమ మహిళా సంఘం తరఫున నగర మేయరుకు ఉత్తరం రాసి, పరిస్థితి మారకపోతే బస్సుల బహిష్కరణ తప్పదని హెచ్చరించారు. పార్క్స్ అరెస్టయిన 1955 డిసెంబరు 1 రాత్రి ఆ రాబిన్సన్ ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థుల సాయంతో కాలేజీలోని సైక్లోస్టైల్ యంత్రం మీద తెల్లవార్లూ వేలాది కరపత్రాలు తీశారు. తెల్లవారేసరికి వాటిని పంచడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఒక రాత్రిలో అంత పని జరిగిందంటే, ఎవరు ఏ వీధికి వెళ్లాలో అంతకు చాలా ముందే తేల్చుకుని ఉన్నారన్నమాట.

బహిష్కరణ 381 రోజులు సాగింది. అన్ని రోజులు జనం పనులకు వెళ్లి రావాలి కదా. సొంత కార్లు ఉన్నవారు వాటిని ఇచ్చారు, ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో స్థలాలు నిర్ణయించారు, బీమా కంపెనీలు కార్ల బీమా రద్దు చేస్తే వేరే చోట బీమా తెచ్చుకున్నారు. చర్చిల్లో క్రమం తప్పకుండా సభలు పెట్టి లెక్కలు చెప్పుకున్నారు. నడిచి వెళ్లినవారు లెక్కకు మిక్కిలి. 1956 నవంబరు 13న అమెరికా సుప్రీంకోర్టు, ఫెడరల్ కోర్టు వారికి అనుకూలంగా ఇచ్చిన తీర్పును ఖరారు చేసింది, డిసెంబరు 21న వారు బస్సుల్లో నచ్చిన చోట కూర్చున్నారు. ఆ ఉద్యమం నాటి ఉపన్యాసాల గురించి ఎంత విన్నావో, ఆ కార్ల ఏర్పాటు గురించి కూడా అంత తెలుసుకోవాలని నా కోరిక. నీ చుట్టూ ఉన్నవారిలో ఎవరు ఫోన్లు చేస్తారు, ఎవరు పిల్లల్ని చూసుకుంటారు, ఎవరు డబ్బు లెక్క రాస్తారు, పని మానేస్తే పోయే కూలిని ఎలా సర్దుతారు అన్నది తేలకుండా ధర్నా తేదీ ప్రకటించవద్దు.

ఎదిరించినవారికి వచ్చే కష్టాలు అందరికీ సమానంగా రావు. పార్క్స్ ఉద్యోగం పోయింది. రాబిన్సన్ ప్రభుత్వ నిధులతో నడిచే కాలేజీలో పని చేస్తున్నారు కనుక బయటికి రాకుండా వెనక నుంచి పని చేశారు, అందులో పిరికితనం ఏమీ లేదు. నీకు ఒక అరెస్టు గర్వంగా చెప్పుకునే అనుభవం కావచ్చు, దినకూలీకి అదే అరెస్టు ఇంటిల్లిపాదికీ పస్తు. కాబట్టి ఏ పని చేస్తే ఏ ప్రమాదం రావచ్చో ముందే దాపరికం లేకుండా చెప్పి, చెప్పాక వాళ్లు వద్దంటే ఒప్పుకో. ఎవరి ఫొటో అయినా, పేరైనా, గాయమైనా వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకు. ఒకసారి ఇచ్చిన అనుమతిని వాళ్లు వెనక్కి తీసుకుంటే కారణం అడగకుండా తీసేయ్. సోషల్ మీడియా సంగతి కూడా ఇక్కడే చెబుతాను. సభకు జనాన్ని పిలవడానికీ, అధికారి ఇచ్చిన మాటను నలుగురికీ తెలియజేయడానికీ అది మంచి సాధనం. అక్కడ వాదనలో గెలిచి రోజు గడిపేస్తే మాత్రం ఆ సాయంత్రం చేయవలసిన ఫోన్లు ఆగిపోతాయి.

చట్టం వచ్చేసిందంటే పని అయిపోయిందని నమ్మకు. మనుషుల చేత మలాన్ని ఎత్తించే పనిని నిషేధిస్తూ మన దేశంలో 1993లోనే చట్టం వచ్చింది. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ తదితరులు మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమ సంస్థ ఆ తర్వాత పదేళ్లకు, 2003లో, సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది, ఎందుకంటే ఆ పని జరుగుతూనే ఉంది. తమ దగ్గర అలాంటిదేమీ లేదని రాష్ట్రాలు ప్రమాణపత్రాలు ఇస్తుంటే, కార్యకర్తలు ఊరూరా తిరిగి మనుషులు చేత్తో ఎత్తవలసిన మరుగుదొడ్లను, ఆ పని చేస్తున్నవారిని లెక్కించి, ఫొటోలు తీసి కోర్టు ముందు పెట్టారు. కొత్త చట్టం 2013లో, కోర్టు తీర్పు 2014 మార్చి 27న వచ్చాయి. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. 2023లో కోర్టే దాన్ని 30 లక్షలకు పెంచింది. ఇప్పటికీ ఆ మరణాలు ఆగలేదు. వాళ్ల పనీ ఆగలేదు. హామీ వచ్చిన రోజునే దాని అమలును ఎవరు, ఏ తేదీన, ఎలా పరిశీలిస్తారో మీలో మీరు రాసుకోండి. విజయోత్సవం దాని తర్వాత చేసుకోవచ్చు.

డబ్బు గురించి ఒక్క మాట. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి అందరూ చూసే చోట రాసి ఉంచండి, నమ్మకం ఒకసారి పోతే మళ్లీ రాదు. అలసట గురించి ఇంకో మాట. ఎప్పుడు ఆగాలో తెలియక మంచి మనుషులు ఈ పనికే దూరమవడం నేను చూశాను. బాధ్యతలు వంతులవారీగా మార్చుకోండి, ఎవరైనా కొన్నాళ్లు తప్పుకుంటామంటే వారిని ద్రోహిగా చూడకండి. సంఘంలో తగాదాలు వస్తాయి, అవి రాని సంఘం ఏ పనీ చేయడం లేదనుకోవచ్చు. తగాదా పడినా ఒప్పుకున్న తేదీకి ఒప్పుకున్న పని జరగాలన్న నియమం ఒక్కటి పెట్టుకోండి.

నీ ఉత్తరంలో చివర, ఇళ్లల్లో పని చేసే ఆడవాళ్లతో నీకు పరిచయం ఉందనీ, వారికి వారాంతపు సెలవు కూడా లేదనీ ఒక వాక్యం రాశావు. పెద్ద పేర్లన్నీ రాశాక ఊరికే చేర్చిన వాక్యంలా ఉంది, నా కంటికి మాత్రం ఉత్తరమంతటిలో పని మొదలుపెట్టదగ్గ చోటు అదే. ముందు వాళ్లను కలువు, సెలవే వాళ్లకు మొదటి కోరికా, జీతమా, దొంగతనం నిందా, ఇంకేదైనానా అన్నది వాళ్ల నోటి నుంచే విను. వాళ్లు ఒప్పుకుంటే నలుగురైదుగురితో కూర్చుని, ఈ ఉత్తరం మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబు ఒక పేజీలో రాసి నాకు పంపు. ఎవరిని అడగాలి అన్న చోట సమాజం అనో, ప్రభుత్వం అనో రాసి పంపితే తిప్పి పంపుతాను. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి అయితే ఆ పదవి, కార్మిక శాఖ అధికారి అయితే ఆ కార్యాలయం స్పష్టంగా రాయి. అర్జీ ముసాయిదా సరిచూడటానికి నేను ఎప్పుడూ సిద్ధమే.

ఇట్లు,
నీ పెద్దమ్మ