నీలం కోసం మార్చిన ఇరిడియం కాంప్లెక్స్ ఎందుకు వెలగడం లేదు?

పర్లాకిమిడి నుంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: ఆకుపచ్చగా వెలిగే ఇరిడియం కాంప్లెక్స్‌లో (ఇరిడియం లోహం చుట్టూ సేంద్రియ అణువులు అతుక్కున్న పదార్థంలో) పిరిడీన్ అనే వలయం తీసి పైరజోల్ అనే వలయం పెడితే కంప్యూటర్ లెక్కలో నీలం వచ్చింది, తయారు చేశాక యూవీ టార్చ్ కింద వెలుగే లేదు, తప్పెక్కడ?

తమ్ముడూ, నువ్వు తయారీలో ఏదో పాడుచేశావని అనుకోకు. బరంపురంలో చదివే రోజుల్లో నాకూ అచ్చం ఇలాగే అయింది. రెండు నెలలు అదే పదార్థాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేశాను. ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే పరీక్ష) ఎప్పుడు తీసినా బాగానే ఉండేది. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి పశువుల వీర్యం నిల్వచేసే కేంద్రంలో అడిగి కొంచెం ద్రవ నైట్రోజన్ తెచ్చుకున్నాను. మైనస్ 196 డిగ్రీల్లో గొట్టం ముంచి టార్చ్ వేస్తే ఊదా కలిసిన నీలం! బయటికి తీశాక కాసేపటికే ఆరిపోయింది.

జరిగేది ఇది. పైరజోల్ పెడితే వెలుగునిచ్చే స్థితి పైకి లేస్తుంది. ఆకుపచ్చకు సుమారు 2.4 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, మంచి నీలానికి 2.7 కావాలి. కానీ లోహం తాలూకు డి-డి స్థితి (లోహంలోనే ఎలక్ట్రాన్ పైకెగిరిన, వెలుగివ్వని స్థితి) మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. రెండూ దగ్గరపడితే గది వేడి చాలు, శక్తి అటు జారిపోతుంది. అక్కడ ఎలక్ట్రాన్ బంధాన్ని వదులు చేసే ఆర్బిటాల్‌లోకి వెళుతుంది. వెలుగు రావాల్సింది వేడిగా పోతుంది, ఒక్కోసారి లిగాండే (లోహానికి అతుక్కున్న అణువే) ఊడుతుంది. ఓఎల్‌ఈడీ తెరల కోసం చేసే ఇలాంటి నీలం పదార్థాలకు ఆయుష్షు తక్కువ కావడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి లిగాండ్ లోహాన్ని గట్టిగా పట్టుకోవాలి. కార్బీన్ (కార్బన్‌తో లోహాన్ని గట్టిగా పట్టే లిగాండ్) పెట్టు, అది ఆ డి-డి స్థితిని పైకి నెడుతుంది. 2016లో వచ్చిన పిరిడో-ఇమిడజోల్ కార్బీన్ ఇరిడియం కాంప్లెక్స్ గది వేడిలోనే 418 నానోమీటర్ల దగ్గర బాగా వెలిగింది. లిగాండ్‌కు ఫ్లోరిన్ తగిలించి నీలం తెచ్చే దారి సులువే, 2001 నాటి ఫిర్‌పిక్ అనే ఇరిడియం కాంప్లెక్స్ అలా వచ్చిందే. అయితే అది 470 నానోమీటర్ల దగ్గర ఆకాశనీలమే, పైగా పరికరంలో ఫ్లోరిన్ ఊడిపోతుంది. నేనైతే దాని జోలికి వెళ్లను.

ఈసారి లెక్క వేసేటప్పుడు డి-డి స్థితి ఎత్తు కూడా చూడు. ముందు మాత్రం ద్రావణంలోకి ఆర్గాన్ పంపి ఆక్సిజన్ తీసెయ్, అదీ వెలుగుని మింగేస్తుంది. తర్వాత ద్రవ నైట్రోజన్‌లో ముంచి చూడు. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకో, గొట్టానికి మూత బిగించకు. అందులోనూ వెలగకపోతే ఎన్‌ఎంఆర్ ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.