బడి మాన్పించే ముందు పాప వాటర్ బాటిల్ చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. మా పాపకు 12 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. ఏడాదిగా పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటుంది, బస్సు వచ్చే వేళకు ఏడుపు మొదలుపెడుతుంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఏమీ లేదన్నారు. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివాను, ఇంట్లోనే ఉంటాను. స్కూల్ మాన్పించి నేనే చదివిస్తానంటే మావారు సగం ఒప్పుకున్నారు. మా అత్తగారు మాత్రం ‘ఆడపిల్ల చదువు పాడుచేస్తావా’ అంటున్నారు. హోమ్‌స్కూలింగ్ చేస్తే టెన్త్, ఇంటర్ ఎలా? రేపు ఇంజినీరింగ్‌కో మెడిసిన్‌కో అడ్డం వస్తుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, సర్టిఫికెట్ల సంగతి మీరు అడిగారు. పాప కడుపునొప్పి గురించి అడగలేదు, చెప్పి ఊరుకున్నారు. నేను దాంతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట ఇదే వయసు పాపను తీసుకుని ఒక తల్లి నా దగ్గరికి వచ్చారు. స్కూల్ నుంచి నేరుగా వచ్చారు, అప్పటికి సాయంత్రం ఐదున్నర. బ్యాగు పక్కన పెట్టిన వాటర్ బాటిల్ మూత దాకా నిండుగా ఉంది. ‘పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదా తల్లీ?’ అంటే తల దించుకుంది. చాలాసేపటికి చెప్పింది, స్కూల్లో బాత్‌రూమ్ తలుపుకు గడియ లేదట. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళే ముట్టదు. నెలసరి రోజుల్లో కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ తల్లి మరో నలుగురు తల్లులను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళారు. గడియ బిగించారు, ఒక ఆయాను పెట్టారు. పాప ఆ స్కూల్లోనే టెన్త్ పూర్తి చేసింది.

మీ పాప సమస్య అదే కావాలని లేదు. శనివారం టెస్టు కావచ్చు, గోడకు అంటించే ర్యాంకుల లిస్టు కావచ్చు, చెయ్యి చేసుకునే టీచరు కావచ్చు, బస్సులో ఏడిపించే పెద్దపిల్లలు కావచ్చు. నొప్పి ఆదివారం రాత్రే మొదలవుతోందా? సెలవుల్లో వస్తోందా? వారంలో ఏ రోజు ఎక్కువ? ఒక పదిహేను రోజులు కాగితం మీద రాసుకోండి. ఎదురుగా కూర్చోబెట్టి ‘ఎందుకు వెళ్ళవు’ అని అడిగితే పిల్లలు నోరు విప్పరు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చోబెట్టుకోండి, చేతులకు పనుంటే మాట అదే వస్తుంది. కొట్టడం, మాటలతో హింసించడం అని తేలితే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది, ఆ మాట స్కూల్ వాళ్ళకు గట్టిగా చెప్పే హక్కు మీకుంది. తప్పు ఆ ఒక్క బడిదే అయితే బడి మారిస్తే చాలు. క్లాసులో పిల్లలు తక్కువున్న చిన్న స్కూల్ చూడండి. మంచి టీచర్లున్న ప్రభుత్వ బడి దగ్గర్లో ఉంటే దాన్నీ పక్కన పెట్టకండి.

ఇవన్నీ చూశాక కూడా ఇంట్లోనే చదివించాలనిపిస్తే, అప్పుడు నేను అడిగేది మీ ఎమ్మెస్సీ గురించి కాదు. ఇంట్లో చదువుకునే పిల్లల ఇళ్ళు కొన్నింటిని దగ్గర్నుంచి చూశాను. ఒక ఇంట్లో పదకొండేళ్ళ బాబు హాల్లో నేల మీద ఆరు నెలల కరెంటు బిల్లులు పరుచుకుని కూర్చున్నాడు. ఎన్ని యూనిట్లు దాటితే స్లాబు మారుతుంది, మోటారు రోజూ పది నిమిషాలు తక్కువ వేస్తే బిల్లు ఎంత తగ్గుతుంది అని లెక్క కడుతున్నాడు. మధ్యలో కూడిక తప్పాడు. వాళ్ళమ్మ అల్లం చెక్కు తీస్తూ చూశారు, ఏమీ అనలేదు. పది నిమిషాల తర్వాత వాడే తల గోక్కుని, కొట్టేసి, మళ్ళీ వేశాడు. ఆ పది నిమిషాలు నోరు కట్టుకుని కూర్చోవడమే హోమ్‌స్కూలింగ్‌లో అన్నింటికంటే కష్టమైన పని. ఆ రోజు ఆ ఇంట్లో వంట రెండింటికి అయ్యింది, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ కోడలిని ఒక్క మాట అనలేదు.

ఇంకో ఇంట్లో నాన్నగారు తొమ్మిది నుంచి నాలుగు దాకా టైంటేబుల్ ప్రింట్ తీసి గోడకు అంటించారు. పీరియడ్ మారినప్పుడల్లా ఫోన్‌లో బెల్ మోగేది. అవే పుస్తకాలు, అవే స్లిప్ టెస్టులు, అవే తిట్లు, కాకపోతే తిట్టేది అమ్మ. సాయంత్రం వీధి చివర స్కూల్ బస్సు ఆగేసరికి ఆ బాబు గేటు పట్టుకుని నిలబడేవాడు. పిల్లలంతా దిగి, బస్సు మలుపు తిరిగేదాకా కదిలేవాడు కాదు. ‘వాళ్ళతో ఆడుకోవచ్చు కదా నాన్నా’ అంటే, ‘ఏ స్కూల్ అని అడుగుతారండీ’ అన్నాడు. ఎనిమిదో తరగతికి వాడిని మళ్ళీ బడిలో వేశారు. మంచి పనే చేశారు.

అందుకే నా ఉద్దేశం సూటిగా చెబుతున్నాను. సిలబస్ మీకు సమస్య కాదు. రోజుకు నాలుగైదు గంటలు, ఏళ్ళ తరబడి, కసురుకోకుండా పాపతో గడిపే ఓపిక మీకుందా, ఆ టైం మీకు ఇవ్వడానికి ఇంట్లో మిగతావాళ్ళు సిద్ధంగా ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. మీవారు సగం ఒప్పుకున్నారన్నారు. సగం సరిపోదమ్మా. మొదటి టెస్టులో మార్కులు తగ్గగానే ఆ మిగతా సగం బయటికొస్తుంది. రెండోది స్నేహాలు. 12 ఏళ్ళ ఆడపిల్లకు అమ్మతో చెప్పలేని మాటలు పంచుకోవడానికి తోటిపిల్లలు ఉండి తీరాలి. సర్దార్ పటేల్ స్టేడియంలో ఏదో ఒక ఆటకు పంపండి, సంగీతమో డ్యాన్సో నేర్పించండి. వారంలో మూడు రోజులైనా ఆ పిల్లలే మళ్ళీ మళ్ళీ కలిసేలా చూడండి. బడి ఈ ఏర్పాటు మనం అడగకుండానే చేస్తుంది. ఇంట్లో చదివిస్తే అది కూడా మన పనే.

ఇక చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్పించకపోతే తల్లిదండ్రులకు శిక్ష అని అందులో రాయలేదు. హోమ్‌స్కూలింగ్‌కు విడిగా అనుమతి ఇచ్చే ఏర్పాటూ లేదు. ఇదే చట్టంలో మీకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. బడి మానిన పిల్లలు తిరిగి వస్తే ఎనిమిదో తరగతి దాకా వాళ్ళ వయసుకు తగిన క్లాసులో చేర్చుకోవాలి. 9వ తరగతి నుంచి కథ మారుతుంది. సీబీఎస్ఈలో అయితే బోర్డు రిజిస్ట్రేషన్ 9లోనే జరుగుతుంది. అంటే ప్రయత్నించి చూసి, కుదరకపోతే వెనక్కి వచ్చే వెసులుబాటు మీకు ఏడాది పైచిలుకు ఉంది. తొమ్మిదో తరగతిలోకి వచ్చాక ఈ ప్రశ్న అడిగి ఉంటే నేను ఇంకా చాలా జాగ్రత్తగా మాట్లాడేదాన్ని.

టెన్త్, ఇంటర్‌కు దారి ఓపెన్ స్కూల్, అంటే రోజూ బడికి వెళ్ళకుండా చదివి పరీక్ష రాసే బోర్డు. మన రాష్ట్రంలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది, దేశం మొత్తానికి 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూల్, ఎన్ఐఓఎస్ ఉంది. 14 ఏళ్ళు నిండితే టెన్త్‌కు చేర్చుకుంటారు. ఎన్ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి. ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలుంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్ళు గడువు, కాబట్టి సబ్జెక్టులు విడదీసుకుని రాయొచ్చు. టెన్త్‌కూ ఇంటర్‌కూ మధ్య రెండేళ్ళు ఉండాలి. ఐదు సబ్జెక్టులతో ఎన్ఐఓఎస్ ఇంటర్ పాసైన పిల్లలు జేఈఈ మెయిన్ రాయొచ్చు. గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డు పిల్లలకు నీట్ కూడా ఉంది. సైన్స్ ప్రాక్టికల్స్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. స్టడీ సెంటర్లో ల్యాబ్ నిజంగా ఉందో లేదో చేరకముందే వెళ్ళి కళ్ళతో చూడండి. ఐఐటీ, ఎన్ఐటీ సీటుకు జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, ఆ బోర్డులో పాసైనవాళ్ళలో పైనున్న 20 శాతం మందిలోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 65 శాతం.

ముంబయికి చెందిన మాళవిక జోషి గురించి మీరు వినే ఉంటారు. ఏడో తరగతి తర్వాత బడి మానేసి, ప్రోగ్రామింగ్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచి, 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు తెచ్చుకుంది. ఆ వార్త చూసి ఎంతోమంది తల్లిదండ్రులు ‘సర్టిఫికెట్ ఎందుకు’ అని వాదిస్తుంటారు. అదే అమ్మాయికి ఇంటర్ సర్టిఫికెట్ లేకపోవడం వల్ల మన ఐఐటీల్లో చేరే దారి లేకపోయింది. ప్రపంచస్థాయి పతకం చేతిలో ఉంటే తప్ప టెన్త్, ఇంటర్ వదిలేయకండి.

మన దగ్గర అందరూ మరిచిపోయేది లోకల్ సంగతి. రాష్ట్ర కాలేజీల్లో కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో చాలా భాగం స్థానికులకు. మామూలుగా అయితే ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లతో చూపిస్తారు. మధ్యలో బడికి వెళ్ళని పిల్లలు ఆ నాలుగేళ్ళూ ఇక్కడే నివాసం ఉన్నట్టు తహసీల్దార్ ఇచ్చే సర్టిఫికెట్ చూపించాలి. ఇది తెలియక కౌన్సెలింగ్ రోజు ఆఫీసుల చుట్టూ పరిగెత్తిన కుటుంబాన్ని చూశాను, ఆ టెన్షన్ మీకు వద్దు. ఇంకో మాట, 9వ తరగతిలో నవోదయ సీటు మీ మనసులో ఉంటే పాప 8వ తరగతి గుర్తింపు ఉన్న బడిలోనే చదువుతూ ఉండాలి.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆడపిల్లను బడి మాన్పించడమంటే చదువు ఆపేయడమే అయిన రోజులు ఆవిడ చూసి ఉంటారు. పై లెక్కలన్నీ ఆవిడకు కూడా కూర్చోబెట్టి చెప్పండి, టెన్త్ పరీక్ష ఏ సంవత్సరం, ఎక్కడ రాస్తుందో కాగితం మీద రాసి చూపించండి.

దసరా సెలవుల్లో ఒక ప్రయత్నం చేయండి. రోజూ ఇంటి దగ్గరే రెండు వారాలు చదివించండి, టైంటేబుల్ పాపనే రాయనివ్వండి. ఎన్నిసార్లు గొంతు పెరిగిందో, పాప తనంతట తాను పుస్తకం ఎన్నిసార్లు తీసిందో రాసుకోండి. సెలవులయ్యాక కూడా మీరు, మీవారు, పాప, ముగ్గురి మాటా ఒకటే అయితే టీసీ తీసుకోండి. అదే రోజు ఇప్పటిదాకా చదివిన తరగతుల స్టడీ సర్టిఫికెట్లు కూడా అడిగి తెచ్చుకోండి, పుట్టినతేదీ, ఇంటిపేరు స్పెల్లింగ్ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో ఆఫీసు రూమ్‌లో ఉండగానే సరిచూసుకోండి.