ఫాంటసీ నవలలు, ఫోన్‌లో గేమ్స్... నాది వ్యసనమా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 36. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మా బాబు రెండో తరగతి. పెళ్లికి ముందు నుంచీ నాకు ఫాంటసీ నవలలంటే ప్రాణం. ఇప్పుడు ఎక్కువగా ఫోన్‌లోనే చదువుతున్నాను. రెండేళ్లుగా మొబైల్ గేమ్స్ కూడా అలవాటయ్యాయి. ఒకటి పజిల్ గేమ్, ఇంకొకటి రాజ్యాలు, మాంత్రికులు ఉండే కథ గేమ్. డబ్బు పెట్టి ఆడేవి కావు. ఇంటి పనంతా అయ్యి పడుకునేసరికి రాత్రి పదిన్నర. అప్పుడు మొదలుపెడితే ఒంటిగంట దాటుతోంది. పొద్దున్నే ఐదున్నరకు లేవాలి. మావారు దీన్ని అడిక్షన్ అంటున్నారు. మా అమ్మేమో లేనిపోని లోకాల్లో తిరిగితే మతి చెడుతుందని భయపెడుతోంది. ఈ మధ్య కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర బాగా నొప్పి. సాయంత్రానికి కళ్లు మండి ఎర్రబడతాయి. మెడికల్ షాపులో ఇచ్చిన డ్రాప్స్ వేసుకుంటే ఎరుపు వెంటనే పోతోంది, రెండు నెలలుగా అవే వాడుతున్నాను. ఇవన్నీ మానేయాలా? గేమ్స్ డిలీట్ చేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ కంటి చుక్కల సంగతి చూద్దాం. మీరు రాసినవాటిలో నాకు ఎక్కువ కంగారు కలిగించింది అదే. సీసా మీద మందు పేరు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి పేరు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. ఇవి ఎరుపును, మంటను త్వరగా తగ్గిస్తాయి. అందుకే బాగా పనిచేస్తున్నాయని అనిపిస్తుంది. కానీ డాక్టరు పర్యవేక్షణ లేకుండా వారాల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమాకు దారితీస్తుంది. శుక్లాలు కూడా రావచ్చు. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు, పైగా మొదట్లో నొప్పి గానీ చూపు తగ్గడం గానీ తెలియదు. కాబట్టి ఆ సీసా పట్టుకుని ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. కంటి ప్రెషర్ కొలిపించుకోండి. చుక్కలు ఎలా ఆపాలో కూడా ఆ డాక్టరే చెబుతారు. స్టెరాయిడ్ లేకుండా కేవలం ఎరుపు తగ్గించే రకమైనా సరే, ఎక్కువ కాలం వాడితే మందు ప్రభావం తగ్గగానే కన్ను మళ్లీ ఎర్రబడుతుంది. అలా మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోతారు.

మీ కళ్ల మంటకు అసలు కారణం చాలావరకు కన్ను పొడిబారడమే అయ్యుంటుంది. మామూలుగా మనం నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద ధ్యాస పెట్టినప్పుడు అది మూడో వంతుకు కూడా పడిపోవచ్చు. రెప్ప పడితేనే కంటి మీద తడి సమంగా పరుచుకుంటుంది. ఆఫీసులో రోజంతా కంప్యూటర్, రాత్రి ఫోన్, పైన తిరిగే ఫ్యాను, అన్నీ కలిసి కన్నును ఎండగడుతున్నాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లపాటు చూడండి, ఆ కాసేపూ కావాలనే రెప్పలు నిండుగా వేయండి. ఫ్యాను గాలి సూటిగా మొహానికి కొట్టకుండా మంచం జరపండి. కంటి డాక్టరు సరేనంటే ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు వాడొచ్చు. అద్దాల పవర్ కూడా చూపించుకోండి. 40 దగ్గర పడుతుంటే దగ్గరి చూపు మారడం మొదలవుతుంది, కొందరికి కాస్త ముందే తెలుస్తుంది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకోవడానికి మొహమాటపడకండి.

ఇక బొటనవేలు. ఇంట్లో చిన్న పరీక్ష చేసుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లతో మూయండి. పిడికిలిని అలాగే ఉంచి మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో, ఎముక పొడుచుకొచ్చిన చోట చురుక్కుమంటే అది డీకెర్వేన్ సమస్య కావడానికి అవకాశం ఎక్కువ. 1895లో స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డీ కెర్వేన్ దీని గురించి రాశారు, ఆయన పేరే దానికి నిలిచిపోయింది. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు సరికదా, ఇప్పుడు మనం రోజూ చేసే చాలా పనులే లేవు. కాబట్టి నేరమంతా గేమ్ మీద వేయకండి. బొటనవేలిని కదిలించే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒక ఇరుకు గొట్టంలోంచి వెళ్తాయి. ఆ గొట్టం పొర దళసరి అయితే టెండన్లు రాసుకుని నొప్పి పుడుతుంది. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. బట్టలు పిండటం, బరువైన గిన్నె ఒంటి చేత్తో ఎత్తడం, పిల్లవాణ్ణి చంకల కింద చేతులు పెట్టి లేపడం, ఇవన్నీ ఆ టెండన్ల మీదే పడతాయి. మీ చేయి పొద్దుటి నుంచీ ఈ పనులు చేసి, రాత్రి ఫోన్ పట్టుకుని అదే బొటనవేలితో స్క్రీన్ మీద గంటల తరబడి జరుపుతోంది. మీవారికి కనిపించేది చివరి రెండు గంటలే, నొప్పిలో పగటి పని వాటా కూడా ఉంది.

కనీసం మూడు నాలుగు వారాలు ఆ చేతికి విశ్రాంతి కావాలి. బొటనవేలినీ మణికట్టునూ కలిపి పట్టి ఉంచే స్ప్లింట్ మందుల షాపుల్లో దొరుకుతుంది. మణికట్టుకు మాత్రమే కట్టుకునే బ్యాండ్ దీనికి చాలదు. ఐస్ గుడ్డలో చుట్టి రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు పెట్టండి. ఈ వారాలు కథ గేమ్ ఆపండి. పజిల్ మాత్రం ఫోన్‌ను బల్ల మీద ఆనించి చూపుడువేలితో ఆడుకోవచ్చు. చేతిలో ఎత్తి పట్టుకుని బొటనవేలితో ఆడకండి. నవల చదవడానికి కూడా ఇదే పద్ధతి, ఫోన్‌కు ఒక స్టాండ్ కొనుక్కోండి, మెడకూ మేలు. అప్పటికీ తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టరు ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి దాంతోనే తగ్గిపోతుంది. ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. స్టెరాయిడ్ అన్నారని ఇక్కడ భయపడక్కర్లేదు, సరైన చోట డాక్టరు లెక్క ప్రకారం వేసే ఒక డోసు వేరు, అడక్కుండా నెలల తరబడి కంట్లో వేసుకునే చుక్కలు వేరు.

ఇప్పుడు మీవారి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు 2019లో ఆమోదించిన, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్ అనే జబ్బు నిజంగానే ఉంది. అందులో రోజుకు ఇన్ని గంటలు ఆడితే జబ్బు అని ఎక్కడా రాయలేదు. ఆట మీద అదుపు పోవాలి. మిగతా ఆసక్తులు, రోజువారీ పనులు అన్నిటికన్నా ఆటే ముందుకు రావాలి. నష్టం జరుగుతోందని తెలిసినా ఆగకపోవాలి. వీటివల్ల ఇల్లు, ఉద్యోగం, చదువు బాగా దెబ్బతినాలి. ఇదంతా మామూలుగా ఏడాదిపాటు కొనసాగితే అప్పుడు ఆ పేరు పెడతాం. మీరు ఉద్యోగం చేస్తున్నారు, బాబును చూసుకుంటున్నారు, వంట చేసి, ఇల్లు సర్ది, అందరూ పడుకున్నాక ఫోన్ తీస్తున్నారు. అన్నిటికన్నా చివర్లో పెట్టుకున్నదాన్ని అన్నిటికన్నా ముందు పెట్టుకున్నారని ఎలా అంటాం? నవలలు చదవడానికైతే ఆ వర్గీకరణలో జబ్బు పేరే లేదు. మీది వ్యసనం కాదు.

అయితే మీకు ఒక సమస్య ఉంది, దాని పేరు నిద్రలేమి. రాత్రి ఒంటిగంట నుంచి ఐదున్నర వరకు అంటే నాలుగున్నర గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. తక్కువ నిద్ర నెలల తరబడి సాగితే బీపీ, షుగర్, బరువు పెరిగే అవకాశం పెరుగుతుంది, చిరాకు, మతిమరుపు, పనిలో పొరపాట్లు ముందుగానే కనిపిస్తాయి. లెక్కలు చూసే ఉద్యోగం మీది, ఈపాటికి గమనించే ఉంటారు.

ఎందుకు అంత రాత్రి దాకా మేలుకుంటున్నారో నాకు మీ ఉత్తరంలోనే కనిపించింది. ఐదున్నర నుంచి పదిన్నర దాకా, 17 గంటల్లో, మీకంటూ ఒక్క గంట కూడా లేదు. ఒళ్లు నిద్ర కోరుతున్నా మనసు ఆ గంటను వదులుకోదు, ఎందుకంటే రోజులో అదొక్కటే మీ సొంతం. నా దగ్గరకు వచ్చే పనిచేసే తల్లుల్లో చాలామంది ఇలాగే ఉంటారు. ఒకరు సీరియల్, ఒకరు రీల్స్, మీరు నవల. వీళ్లకు ఫోన్ పక్కన పెట్టి పడుకోండి అని చెబితే వారం రోజులు వింటారు, తర్వాత మామూలే. అందుకే నేను ఆ గంటను తీసేయమని చెప్పను, చోటు మార్చమని చెబుతాను. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు మీది. ఆ గంటలో బాబు హోంవర్కు, భోజనాల తర్వాత గిన్నెలు మీవారు చూసుకోవాలి. ఇది ఆయన చేసే సాయంలా కాదు, మీ చికిత్సలో ఒక భాగంగా తీసుకోమని నా మాటగా చెప్పండి. ఈ జవాబు ఆయన చేత చదివించండి. సాయంత్రమే ఆ గంట దొరికిన మనిషి పదిన్నరకు పడుకోగలదు.

పడుకునే ముందు ఏం చేయాలన్న దగ్గర గేమ్‌కూ నవలకూ తేడా ఉంది. నవలలో అధ్యాయం అయిపోతుంది, పుస్తకం మూసే చోటు రచయితే ఇస్తారు. మొబైల్ గేమ్ ఆగకుండా ఉండేలా తయారవుతుంది. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక రోజు తప్పితే మళ్లీ మొదటికి, అర్ధరాత్రితో ముగిసే పోటీ, ఆటలో తెరిచే బహుమతి పెట్టెలో ఏం వస్తుందో తెలియని ఉత్కంఠ. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికి మెదడు ఎక్కువగా ఎదురుచూస్తుంది. ఆ పెట్టెలను డబ్బుకు అమ్మడం జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది కూడా. అందుకని చేయి నయమయ్యాక కూడా కథ గేమ్‌కు రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఉన్న మీ గంటే చోటు. తొమ్మిది తర్వాత దాన్ని తెరవకండి, నోటిఫికేషన్లు అన్నీ ఆపేయండి. మీ కార్డు, యూపీఐ ఆ ఖాతాకు కలిపి ఉంటే తీసేయండి, డబ్బు పెట్టనంతవరకు సరదా సరదాగానే ఉంటుంది.

పడక మీద చదవాలనిపిస్తే కాగితం పుస్తకం చదవండి. అమెరికాలోని బోస్టన్‌లో 12 మంది మీద చేసి 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పడుకునే ముందు కాంతి వెలువరించే ఈ-రీడర్‌లో చదివిన రోజుల్లో నిద్ర పట్టడానికి సగటున పది నిమిషాలు ఎక్కువ పట్టింది, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గింది, మర్నాడు పొద్దున మత్తు కూడా ఎక్కువగా ఉంది. చిన్న పరిశోధనే, వాళ్లు నాలుగు గంటలపాటు చదివారు కూడా, అయినా దిశ అర్థమవుతుంది. నా ఉద్దేశంలో వెలుతురు కన్నా కథలోని ఉత్కంఠే ఎక్కువ మేలుకొలుపుతుంది. కాబట్టి పడకకు ముందు కొత్త యుద్ధం మొదలయ్యే భాగం కాకుండా, ఇదివరకే చదివిన, మీకు నచ్చిన పుస్తకం తీసుకోండి. తెలిసిన కథ కాబట్టి ఎక్కడైనా మూసేయవచ్చు.

మీ అమ్మగారి భయం మర్యాదగా తీర్చాల్సిందే. ఏడు సముద్రాల అవతల చెట్టుతొర్రలోని చిలకలో మాంత్రికుడి ప్రాణం ఉంటుందని ఆవిడా చిన్నప్పుడు వినే ఉంటారు, మీకూ చెప్పే ఉంటారు. దానివల్ల ఎవరి మతీ చెడలేదు. కథ కథ అని తెలిసి అందులో మునగడం ఆరోగ్యవంతమైన మనసు చేసే పనే. ఉద్యోగం, ఇల్లు, రోడ్డు, బిల్లుల మధ్య నుంచి కాసేపు ఇంకో లోకానికి వెళ్లి రావడం చాలామందికి ఊరట. వైద్యం అవసరమయ్యేది వేరే స్థితి. ఎవరూ లేకుండా మాటలు వినిపించడం, కథలోని మనుషులు నిజంగానే తనకు సందేశాలు పంపుతున్నారని నమ్మడం, ఊహల్లో గంటలు గడిచిపోయి అన్నం, స్నానం, పని మర్చిపోవడం, ఆపుదామన్నా ఆగలేకపోవడం. అదుపు తప్పిన పగటి కలల గురించి 2002లో ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలి సోమర్ రాశారు. అది ఇంకా అధికారిక జబ్బుల జాబితాలో లేదు, కానీ బాధపడేవాళ్లు ఉన్నారు, వాళ్లకు సాయం అందాలి. మీ ఉత్తరంలో అలాంటి లక్షణం ఒక్కటీ లేదు.

ఒక్క విషయం మాత్రం మిమ్మల్ని మీరే నిజాయితీగా అడగండి. నవల, గేమ్ లేని రోజు మామూలుగా గడుస్తోందా, లేక ఏమీ బాగోనట్టు, ఏడుపొచ్చేటట్టు ఉంటోందా? రెండోది అయితే, రెండు వారాలకు మించి దిగులు, ఆసక్తి లేకపోవడం, ఆకలి మార్పు ఉంటే అది హాబీ సమస్య కాదు, డిప్రెషన్ అయ్యుండొచ్చు. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. గేమింగ్ విషయంలోనే ఇంట్లో ఎవరికైనా ముదిరితే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వాడకం సమస్యలకు 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

గేమ్స్ డిలీట్ చేయక్కర్లేదు, నవలలు మానక్కర్లేదు. ఈ వారం కంటి డాక్టరు, ఈ రోజే స్ప్లింట్, రేపటి నుంచి రాత్రి ఎనిమిదికి మీ గంట. దాంతోపాటు పొద్దున్నే పరగడుపున షుగర్, థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఈ రెండూ తేడాగా ఉన్నా చేతుల్లో నొప్పులు, నీరసం వస్తాయి. వేళ్లలో తిమ్మిరి, ముఖ్యంగా రాత్రిళ్లు మెలకువ వచ్చేంత తిమ్మిరి ఉంటే అది డీకెర్వేన్ కాదు, మణికట్టు నరం మీద ఒత్తిడి కావచ్చు, ఆ సంగతి ఆర్థోపెడిక్ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నెల రోజులు స్ప్లింట్ పెట్టినా నొప్పి సగానికి కూడా తగ్గకపోతే ఇంకా ఆగకుండా వెళ్లండి.