ఆ ముగ్గురూ అవతలి సగంలోనే ఉండాలి

మైదానం ముచ్చట్లు: ఐర్లండ్‌లోని మన పాఠకుల ప్రశ్నలకు లెటర్‌కెన్నీ నుంచి జవాబులు

ప్రశ్న: నమస్తే అక్కా. మేం లిమరిక్ వచ్చి రెండేళ్లయింది. ఇక్కడ అందరి నోటా కర్రలతో ఆడే హర్లింగే. మా ఆఫీసులో కెరీ వాడొకడు మాత్రం గేలిక్ ఫుట్‌బాల్ చూడమని వెంటపడుతున్నాడు. పాత మ్యాచ్‌లు కొన్ని చూశాను. బంతిని చేత్తో అటొకడికి ఇటొకడికి అందిస్తూ నిమిషాలకు నిమిషాలు గడిపేస్తారు, ముందుకు మాత్రం పోరు. ఇప్పుడు రూల్స్ మార్చారు, ఆట మారిపోయింది అంటున్నాడు. రూల్స్ మారిస్తే చప్పటి ఆటకు రుచి వస్తుందా అక్కా?
లిమరిక్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వస్తుంది తమ్ముడూ. వచ్చింది కూడా. అయితే ఈ మాట డొనెగల్‌లో ఉంటూ చెప్పడం నాకు తేలిక కాదు. నువ్వు చూసిన ఆ చప్పటి ఆటకు పేరుమోసింది మా కౌంటీయే మరి.

2011 ఆగస్టులో డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో డబ్లిన్‌కీ మాకూ ఆల్ ఐర్లండ్ సెమీఫైనల్. ఆ రోజు నాకు డ్యూటీ. నర్సుల గదిలో టీ కప్పు పట్టుకుని నిలబడే చూశాను. మా వాళ్లు ఇంచుమించు అందరూ వెనక్కి వచ్చి తమ గోల్ ముందు కాపు కాశారు. దాన్ని ఇక్కడ బ్లాంకెట్ డిఫెన్స్ అంటారు, దుప్పటి కప్పేసినట్టు ఉంటుందని. హాఫ్ టైంకి మాకు 4 పాయింట్లు, డబ్లిన్‌కి 2. చివరికి డబ్లిన్ 0-8, మేం 0-6. ఇక్కడి స్కోరులో గీతకు ముందున్నవి గోల్స్, తర్వాతవి పాయింట్లు. క్రాస్‌బార్ మీదుగా పోతే పాయింట్, కింద వలలో పడితే గోల్, గోల్‌కి మూడు పాయింట్ల విలువ. అంటే 70 నిమిషాల ఆటలో రెండు జట్లూ కలిసి 14 పాయింట్లు, గోల్ ఒక్కటీ లేదు. మర్నాడు టీవీలో, పేపర్లలో మా జట్టును తిట్టని వాళ్లు లేరు. నాకు ఏడుపొచ్చింది. ఆ కుర్రాళ్లకు జీతం లేదు, పగలు ఉద్యోగాలు చేసి సాయంత్రాలు ప్రాక్టీసుకు పోయేవాళ్లు. చిన్న కౌంటీ పెద్ద కౌంటీని నిలువరించడానికి కనిపెట్టిన ఉపాయం అది. మరుసటి సంవత్సరం అదే క్రమశిక్షణకు వేగంగా ఎదురుదాడి చేయడం జోడించారు. ఫైనల్లో మేయోని 2-11కి 0-13తో ఓడించి ఆల్ ఐర్లండ్ విజేతకిచ్చే శామ్ మగ్వైర్ కప్పు ఇంటికి తెచ్చారు. ఆ రాత్రి మా వీధిలో కారు హారన్లు తెల్లారేదాకా మోగుతూనే ఉన్నాయి.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. అందరూ అదే పట్టుకున్నారు. ఒక జట్టు గోల్ ముందు 14 మందిని నిలబెడితే, రెండో జట్టు ఆ గోడ ముందు హ్యాండ్‌పాస్‌లు ఇచ్చుకుంటూ సందు కోసం కాచుకుంటుంది. దూరం నుంచి తన్నితే తప్పిపోవచ్చు, బంతి పోతే ఎదురుదాడి తప్పదు. కాబట్టి ఎవడూ తన్నడు. ఆటగాళ్ల తప్పు కాదది, కోచ్‌ల తప్పూ కాదు. జాగ్రత్తగా ఆడినవాడే గెలిచేలా రూల్స్ ఉన్నప్పుడు తెలివైనవాడు జాగ్రత్తగానే ఆడతాడు. చూసేవాళ్లేమో మెల్లమెల్లగా ఫోన్లలో తల దూర్చడం మొదలెట్టారు. మా వార్డులో ఒక పెద్దాయన, ఎనభై దాటినవాడు, టీవీలో మ్యాచ్ నడుస్తుండగానే ‘కొంచెం సౌండ్ తగ్గించమ్మా, నిద్రపోతాను’ అన్నాడు. ఆ నోటి వెంట ఆ మాట వింటాననుకోలేదు. చిన్నప్పుడు సైకిల్ మీద క్లోన్స్ ఊరి దాకా పోయి ఫైనల్స్ చూశానని చెప్పిన మనిషి ఆయన.

మొదట అతుకులు వేశారు. 2014లో కావాలని చేసే ఫౌల్‌కి బ్లాక్ కార్డ్, 2017లో కికౌట్‌ను (కీపర్ ఆట మొదలెట్టే తన్ను) గాల్లో పట్టుకున్నవాడికి మార్క్, అంటే ఆగి అడ్డం లేకుండా తన్నే హక్కు, 2020లో ముందు వరుసలో పట్టుకున్నవాడికి ఇంకో మార్క్. ఏదీ గోడను కదిలించలేదు. 2024లో ఈ ఆటను నడిపే సంఘం జీఏఏకి అధ్యక్షుడిగా వచ్చిన జార్లత్ బర్న్స్, ఆట మొత్తాన్ని తిరగేసి చూడడానికి ఒక కమిటీ వేశాడు. దానికి పెద్దగా జిమ్ గావిన్‌ని పెట్టాడు. 2015 నుంచి 2019 దాకా వరసగా అయిదు సార్లు డబ్లిన్‌ను గెలిపించిన మేనేజర్. మా 2012 కెప్టెన్ మైకేల్ మర్ఫీ కూడా ఆ కమిటీలో ఉన్నాడు. అక్టోబరులో ప్రావిన్స్ జట్ల మధ్య మ్యాచ్‌లు పెట్టి కొత్త రూల్స్ ఆడించి చూశారు, నవంబరు 30న ప్రత్యేక కాంగ్రెస్‌లో, అంటే సంఘం మహాసభలో, ఓటు వేశారు, 2025 సీజన్‌కి అమల్లోకి తెచ్చారు.

అందరూ మాట్లాడేది రెండు పాయింట్ల గీత గురించి. నా లెక్కలో అసలు మందు అది కాదు, ‘ముగ్గురి రూల్’. గోల్‌కీపర్ని పక్కన పెడితే, ప్రతి జట్టు నుంచీ కనీసం ముగ్గురు ఎప్పుడూ అవతలి సగంలోనే ఉండాలి. తన సగంలో గోల్‌కీపర్‌తో కలిపి కనీసం నలుగురు ఉండాలి. తప్పితే ఎదుటివాళ్లకు ఫ్రీ కిక్. అంతే, చూడ్డానికి చిన్న రూలు. కానీ పరిణామం చూడు. గోల్ ముందు కాపు కాయడానికి ఇప్పుడు 14 మందిని దింపడం కుదరదు, కీపర్ కాకుండా 11 మందే మిగులుతారు. బంతి దొరికిన క్షణంలో అవతలి కొసన మనవాళ్లు ముగ్గురు సిద్ధంగా ఉంటారు. బంతిని కాలితో పొడుగ్గా పంపడంలో మళ్లీ అర్థం వచ్చింది. ఏళ్లుగా పరుగు యంత్రాలైపోయిన ఫార్వర్డ్‌లు మళ్లీ ఫార్వర్డ్‌లయ్యారు. ధైర్యంగా ఆడమని ఏ రూలూ ఎవరికీ చెప్పలేదు. పిరికిగా ఆడే దారి మాత్రం మూసింది.

ఇక గీత సంగతి. గోల్ నుంచి 40 మీటర్ల దూరంలో అర్ధచంద్రాకారంగా గీస్తారు, ఆర్క్ అంటారు. దాని బయటి నుంచి తన్ని క్రాస్‌బార్ దాటిస్తే రెండు పాయింట్లు. దీన్ని నేను దగ్గర నుంచే చూస్తున్నాను, ఎందుకంటే మా ఊరి క్లబ్‌లో మనుషులు చాలక నన్ను గోల్‌పోస్ట్ దగ్గర అంపైర్‌గా నిలబెడతారు. తెల్ల కోటు, చేతిలో జెండాలు. పాయింట్‌కి తెల్లది, గోల్‌కి ఆకుపచ్చది, ఇప్పుడు కొత్తగా రెండు పాయింట్లకు నారింజ రంగుది. మొదటిసారి ఆ నారింజ జెండా ఎత్తిన మ్యాచ్ నాకు బాగా గుర్తు. సన్నగా వాన. లాక్ స్విలీ వైపు నుంచి గాలి. మా మిడ్‌ఫీల్డర్, పొలం పని చేసుకునే కుర్రాడు, ఆర్క్‌కి ఒక అడుగు బయట ఆగి, రెండో ఆలోచన లేకుండా కొట్టాడు. బంతి నా నెత్తి మీదుగా చీల్చుకుంటూ పోయింది. రిఫరీ వైపు చూశాను, చెయ్యి పైకెత్తే ఉంది. తడిసిన జెండా కర్రకి చుట్టుకుపోయింది, విప్పడానికి రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లు మైదానం ఊపిరి బిగబట్టి నా చేతుల వైపే చూసింది. జెండా విచ్చుకోగానే లేచిన అరుపు ఏళ్ల తర్వాత వినడం. అంతకు ముందు సీజన్లో అయితే ఆ కుర్రాడు అక్కడి నుంచి తన్నేవాడే కాదు, పక్కకు అందించి ఊరుకునేవాడు.

కానీ అదే మ్యాచ్‌లో దాని లోపమూ కనిపించింది. గాలి వెనకనుండగా ఒక జట్టు మొదటి సగంలో నాలుగు సార్లు రెండేసి పాయింట్లు కొట్టేసింది. గాలికి ఎదురు ఆడేవాళ్లకు ఆ దూరం దాటించడమే గండం. పశ్చిమ తీరంలో గాలి లేని రోజు అరుదు కదా. టాస్ గెలిచినవాడికి ఈ రూలు కొంచెం ఎక్కువ ఇచ్చేస్తోంది. నాకు అధికారముంటే ఫ్రీ కిక్‌కి రెండు పాయింట్లు తీసేసి, ఆటలో కదులుతూ కొట్టినదానికే ఉంచుతాను. నిలబెట్టి తన్నేవాడి ముందు గాలే తప్ప అడ్డం లేదు. కదులుతూ కొట్టేవాడి మీదికి డిఫెండర్ దూకుతూ ఉంటాడు, చూడ్డానికి వచ్చేది ఆ పోరాటాన్నే.

మిగతా రూల్స్ త్వరగా చెప్పేస్తాను. కీపర్ కొట్టే కికౌట్ ఆర్క్ దాటాలి, కాబట్టి నడి మైదానంలో గాల్లోకి ఎగిరి బంతి పట్టుకునే పాత విద్య తిరిగొచ్చింది. ఫౌల్ తిన్నవాడు ఆగక్కర్లేదు, బంతిని కాలిమీంచి చేతికి ఒకసారి తన్నుకుని పరుగు సాగించొచ్చు, నాలుగు మీటర్ల దాకా వాణ్ని ముట్టుకోకూడదు. రిఫరీ మీద నోరు పారేసుకుంటే ఫ్రీ కిక్ 50 మీటర్లు ముందుకు జరుగుతుంది. ఈ చివరిది మా అంపైర్ల గోల్‌పోస్టుల దాకా ప్రశాంతత తెచ్చింది. ఒకప్పుడు నా వెనక వల దగ్గర నిలబడి ఒక జట్టు తాలూకు మనిషి మ్యాచంతా నన్ను నా దేశం పేరు పెట్టి తిట్టాడు. లోపలా బయటా కలిపి ఆ రకం వేడి ఇప్పుడు చాలా తగ్గింది.

2024 ఫైనల్లో ఆర్మా 1-11, గాల్వే 0-13. రెండూ కలిపితే 27 పాయింట్లు. 2025 ఫైనల్లో కెరీ 1-26, మా డొనెగల్ 0-19. కలిపితే 48. ఓడిపోయింది మేమే, అదీ పది పాయింట్లతో. జట్టులోకి తిరిగొచ్చిన మర్ఫీ తాను రాయడానికి సాయం చేసిన రూల్స్ కిందే ఓడాడు. కెరీ ఫార్వర్డ్ డేవిడ్ క్లిఫర్డ్ ఆర్క్ బయటి నుంచి కొట్టిన ప్రతిసారీ నా కడుపులో దేవేసింది. అయినా కళ్లు తిప్పుకోలేదు. 2011లో గెలుపు కోసం చూశాను, 2025లో ఆట కోసం కూడా చూశాను. మీ కెరీ స్నేహితుడు ఆ ఫైనల్ పెట్టి చూపిస్తానంటే కాదనకు. నన్నడిగితే దానికంటే ముందు ఆ ఏడు మే నెలలో క్లోన్స్‌లో జరిగిన అల్‌స్టర్ ప్రావిన్స్ ఫైనల్ చూడు. ఎక్స్‌ట్రా టైం తర్వాత మేం 2-23, ఆర్మా 0-28. ఒక్క పాయింటు తేడా. ఇందులో మాత్రం నా పక్షపాతం ఉంది.

ప్రశ్న: మేడమ్, స్కోరు పెరిగింది సరే. కానీ గోల్స్ పెరగాలి కదా, అసలు కిక్కు వాటిలోనే ఉంది. గోల్‌కి నాలుగు పాయింట్లు ఎందుకు చెయ్యలేదు?
డబ్లిన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చేసి చూశారమ్మా. 2024 అక్టోబరు ప్రయోగంలో గోల్‌కి నాలుగు పాయింట్లు ఉంది, ఓటుకు పెట్టేముందు తీసేశారు. సరైన పనే అనిపిస్తుంది నాకు. విలువ పెంచితే గోల్ కోసం ఎగబడతారని మనకు తోస్తుంది గానీ, గోల్ ముందు గుంపు కట్టి కాపాడాలన్న కోరికా అంతే పెరుగుతుంది. మనం వదిలించుకుందామనుకున్నది ఆ గుంపునే.

ఈ బేరాలు ఈనాటివి కావు. 1884లో థర్లెస్‌లోని హేస్ హోటల్లో జీఏఏ పుట్టిన కొత్తలో, ఒక్క గోల్ ముందు ఎన్ని పాయింట్లయినా బలాదూరే. 1892లో గోల్‌ని అయిదు పాయింట్లన్నారు, 1896లో మూడుకు దించారు. జట్టులో మనుషులూ అంతే. మొదట 21 మంది, తర్వాత 17, 1913 నుంచి 15. ‘మా తాతల నాటి ఆటను పాడు చేస్తున్నారు’ అని ఎవరైనా బాధపడితే వాళ్లకు ఈ లెక్కలు చెప్పండి. తాతలూ మార్చినవాళ్లే.

ప్రశ్న: ఆంటీ, నాకు పన్నెండేళ్లు. అమ్మాయిల జట్టులో ఆడతాను. మేం బంతిని నేల మీంచి నేరుగా చేత్తో తీసుకుంటాం. మా అన్నయ్య తీస్తే ఫౌల్. ఎందుకు?
మీత్ నుంచి

జవాబు: అమ్మలూ, మీ ఆటను నడిపేది వేరే సంఘం, 1974లో ఏర్పడింది. రూల్స్ కొన్ని వేరు. మీ అన్నయ్య కాలి వేళ్లతో బంతిని చేతికి ఎగరేసుకోవాలి. వర్షంలో, నలుగురు మీద పడుతుండగా అది చెయ్యడం ఒక విద్యే, కాదనను. కానీ ఆ క్షణంలో ఆట ఆగుతుంది, తొక్కిసలాట అవుతుంది. మీ ఆట అక్కడ ఆగదు. ఇంకోటి చెప్పనా? టైం అయిపోగానే హూటర్ మోగడం మగవాళ్ల ఫుట్‌బాల్‌కి 2025లో వచ్చింది. ఆడవాళ్ల పెద్ద మ్యాచ్‌లలో అది ఎన్నో ఏళ్ల నుంచీ ఉంది. ఈసారి మీ అన్నయ్య కొత్త రూల్స్ గొప్పలు చెబితే ఈ మాట అతనికి చెప్పు.

ప్రశ్న: ఈ మార్పులు ఉంటాయా, పోతాయా?
కార్క్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంటాయి. ఏడాది ఆడి చూశాక 2025 అక్టోబరులో మళ్లీ ప్రత్యేక కాంగ్రెస్ పెట్టి శాశ్వతం చేశారు. నా దిగులు క్రోక్ పార్క్ గురించి కాదు, మా లాంటి క్లబ్‌ల గురించి. అక్కడ లైన్స్‌మన్‌కి చెవిలో ఇయర్‌ఫోన్, పక్కన సహాయకులు ఉంటారు. ఇక్కడ ఆ లైన్ మీద నిలబడేది ఎవరో ఒక ఆటగాడి నాన్న. బంతినీ చూడాలి, అవతలి సగంలో ముగ్గురున్నారో ఇద్దరున్నారో కూడా లెక్క పెట్టాలి. మీ ఊరి క్లబ్‌లో శనివారం మధ్యాహ్నం ఖాళీ ఉంటే పోయి అడగండి. వద్దనరు. తెల్ల కోటు వాళ్లే ఇస్తారు, చెప్పులు కాకుండా బూట్లు వేసుకెళ్లండి.