నేల మీద నిలబెట్టే స్పిండిల్ సాండరే తీసుకోండి, కానీ ఇవి చూసి

బల్ల మీది చిన్న స్పిండిల్ సాండర్ (స్పిండిల్ అనే నిలువు కడ్డీకి గరుకు కాగితం తొడిగి, తిప్పుతూ చెక్కను నునుపు చేసే) మిషన్‌తో కుర్చీ చేతుల లోపలి వంపులు నల్లగా మాడుతున్నాయి, పెద్దది కొనాలా అన్నారు కదండీ. రోజూ మందపాటి గట్టి చెక్కతోనే పనైతే కొనండి. మోటారు ఒక హార్స్‌పవర్ ఉంటే చాలు. స్పిండిల్ పైకీ కిందకీ ఎంత కదులుతుందో చూడండి. అంగుళానికి తగ్గితే వద్దు. ఆ కదలిక తక్కువైతే స్పిండిల్‌కు తొడిగే గరుకు కాగితపు స్లీవ్‌లో ఒకే పట్టీ అరిగి, వేడెక్కి, చెక్కను మాడుస్తుంది. పావు అంగుళం నుంచి మూడు అంగుళాల దాకా స్పిండిళ్లు రావాలి. వంపులో పట్టేవాటిలో అన్నిటికన్నా లావుది వాడితేనే గాట్లు పడవు. సన్నవాటి మీద బలంగా నొక్కితే వంగుతాయి. టేబుల్ పోత ఇనుముదైతే మేలు. దుమ్ము లాగే గొట్టం నాలుగంగుళాలది ఉండాలి, ఇందులో బేరాల్లేవు. అన్నట్టు, ముందు మీ చిన్న మిషన్‌కే 80 గ్రిట్ (గరుకుదనం కొలత) కొత్త స్లీవ్ వేసి తేలిగ్గా నొక్కి చూడండి. మాడటం ఆగితే ఖర్చే తప్పుతుంది.