స్వరజ్ఞానం లేకుండా మ్యూజిక్ ప్రొడక్షన్ సాధ్యమా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతూ, రాత్రిళ్లు ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులు కడుతున్నాడు. చిన్నప్పుడు సంగీతం నేర్పించలేదు. కీలు, స్కేళ్లు అర్థం కావడం లేదంటూ 60 వేల రూపాయల ఆన్‌లైన్ కోర్సు అడుగుతున్నాడు. అది మేలా, వరంగల్‌లోని సంగీత కళాశాల మేలా? కోపం వచ్చి ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను. (ఒక తండ్రి)

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల్లో ఏది మేలని, మీ ఉత్తరం నిండా ఉన్నది మాత్రం అబ్బాయి చేజారిపోతున్నాడేమోనన్న భయం. ఇలాంటి ఉత్తరాలు తరచుగా వస్తాయి కనుక ముందు ఆ సంగతే చెబుతాను. ఈ వయసులో స్కేళ్లు మొదలుపెట్టడం ఆలస్యమేమీ కాదు, ఆ పాఠం మీరనుకుంటున్నంత పెద్దదీ కాదు.

ఒక స్థాయిలో, అంటే స నుంచి పై స లోపు, 12 స్వరస్థానాలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని షడ్జంగా (స) పెట్టుకుని 2, 2, 1, 2, 2, 2, 1 మెట్ల చొప్పున పైకి వెళితే మేజర్ స్కేల్ వస్తుంది. మన కర్ణాటక సంగీతం లెక్కలో అవి 29వ మేళకర్త (మూల రాగం) ధీరశంకరాభరణం స్వరాలు. నేచురల్ మైనర్ అనే మరో స్కేల్‌వి 20వ మేళకర్త నఠభైరవి స్వరాలు. షడ్జం ఏ మెట్టు మీద నిలిపామన్నదే కీ. గాయకులు ఒకటిన్నర శ్రుతి, ఐదు శ్రుతి అనేది దాని గురించే. ఇంతవరకు ఒక చిన్న కీబోర్డు ముందు కూర్చుని కొన్ని వారాల్లో నేర్చుకోవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌లోని పియానో రోల్ (స్వరాలను గడుల్లో పెట్టే తెర) స్కేల్ స్వరాలను వేరుగా చూపిస్తుంది కాబట్టి పిల్లలు బయటి స్వరం వేయరు గాని, సి మేజర్‌లోని ఏడు స్వరాలే ఎ మైనర్‌లోనూ ఉంటాయని (సి, ఎ పాశ్చాత్య పద్ధతిలో స్వరస్థానాల పేర్లు), బాణీ ఎక్కడికి వచ్చి నిలుస్తుందో, కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఏ స్వరం చుట్టూ తిరుగుతాయో దాన్నిబట్టే పాట ఆ రెండింటిలో ఏదో తేలుతుందని ఆ గడులు చెప్పవు. అలాగే సి కీలో ట్రాకు అంతా కట్టేశాక గాయని తన శ్రుతి ఐదు, అంటే జి, అని చెబితే, మిడి స్వరాలను (కంప్యూటర్‌లో గుర్తులుగా రాసినవి) జి కీకి జరపడం తేలికే. కానీ రికార్డు చేసిన వాద్యాన్ని అంత దూరం జరిపితే దాని సహజమైన ధ్వని చెడుతుంది. గొంతు ముందు, కీ తర్వాత. ఈ క్రమం తెలియాలంటే చెవి తయారవ్వాలి.

మూడు నెలల్లో మ్యూజిక్ ప్రొడ్యూసర్‌ను చేస్తామనే ప్రకటనల మీద నాకు నమ్మకం లేదు. వాటిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ మీటలు, తయారు లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే సంగీతం ముక్కలు), కార్డులు వాటంతట అవే అల్లే ప్లగిన్‌లు (అదనపు సాఫ్ట్‌వేర్లు); సాఫ్ట్‌వేర్ సంస్థలే ఉచితంగా పెట్టిన పాఠాలకు మీరు 60 వేలు కట్టవలసిన పని లేదు. బీట్లు అమ్మి బతకవచ్చన్న మాటనూ నేను అనుమానంగానే చూస్తాను. మన ప్రాంతంలో చిన్న స్టూడియోలకు బతుకమ్మ ముందు పని ఉంటుంది. ఆ హడావుడి చూసి ఏడాది పొడవునా ఆదాయం ఉంటుందని లెక్క వేసుకోకూడదు. డిగ్రీ మానేయడం గురించి ఆలోచించనే వద్దు.

కళాశాల విషయానికొస్తే, విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో నేర్పేది కర్ణాటక సంగీతం. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో మొదలవుతాయి, కార్డుల ప్రసక్తి ఉండదు. అయినా శ్రుతిలో నిలబడడం అబ్బుతుంది, మీవాడికి కొరవడినది అదే. నన్నడిగితే అటే పంపుతాను.

మీకు ఒక మాట కఠినంగా చెప్పాలి. బీరువాకు తాళం వేసిన తండ్రి, కొడుకు కట్టిన ఒక్క ట్రాకైనా విన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. వినకుండానే పనికిరాదని మీరెలా తేల్చారు? ల్యాప్‌టాప్ తీసి ఇవ్వండి, పరీక్షలు ముగిసేదాకా రోజుకు ఒక గంట అని ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. వేసవిలో ఒకే జానపద గీతానికి రెండు కీలలో ట్రాకు కట్టి, ఊళ్లో ఎవరిచేతనైనా పాడించి, ఆ గొంతుకు ఏది సరిపోయిందో, ఎందుకు సరిపోయిందో మీకు వివరించమనండి. వివరించగలిగితే కోర్సు మాట అప్పుడు ఆలోచిద్దాం.